కమాను కట్టలు, బస్తర్ బరువులు

జగదల్‌పూర్‌లో మోటారు విడిభాగాల దుకాణానికి వెళ్ళి కమాను కట్టలు కావాలంటే, ఏ సంవత్సరపు బండి అని అడగటానికి ముందే వచ్చే ప్రశ్న ఒకటుంది: ఎంత బరువు వేస్తారు? బస్తర్ రహదారుల గురించి ఢిల్లీలో ఎన్నో సమావేశాలకు హాజరయ్యాను. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని కోట్లు అన్న లెక్కలు వినిపించాయి గాని, ఆ దారుల మీద ఎవరి బరువు వెళుతుందన్న ప్రశ్న అరుదుగానే వినిపించింది. అందుకే రాజకీయాల గురించి రాసే ఈ చోట ఈసారి ఒక పాత జీపు గురించి రాస్తున్నాను.

బండి 1990ల నాటి మహీంద్రా కమాండర్. వెనక ఎదురెదురు బెంచీలు. నాలుగు చక్రాల దగ్గరా ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన కమాను కట్టలు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్ జీపు నుంచి వారసత్వంగా వచ్చిన ఏర్పాటు అది. నేనూ, ఇక్కడి హిందీ విలేకరి మిత్రుడొకరూ కలిసి దీన్ని వాడుకుంటున్నాం. జగదల్‌పూర్ నుంచి దర్భా, సుక్మా, దోర్నపాల్ మీదుగా కుంట దాకా 30వ నంబరు జాతీయ రహదారి ఉంది. దానికి ఈ జీపు అక్కర్లేదు, బస్సు చాలు. అవసరమంతా ఆ రహదారి దిగిన తర్వాతే.

వర్షాకాలం ముగిసేసరికి వెనక కుడి కట్టలో ఒక పట్టీ విరిగింది. బండిని చదునైన నేల మీద నిలిపి చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెడితే కుడివైపు ఎడమకన్నా రెండంగుళాలు తక్కువ ఉంది. డ్రైవరు కూర్చునే వైపు కొంత కుంగడం సహజమే. విరిగింది ఒకవైపే అయినా మార్చవలసింది జత. ఒక పక్క కొత్త కట్ట, మరో పక్క అలసిన కట్ట ఉంటే బండి ఒరిగే నడుస్తుంది.

మా మెకానిక్ సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువాడు. లారీల ఊరి మనిషి. పాత పట్టీలనే సుత్తితో కొట్టి వంపు తెప్పించడం అన్నిటికన్నా చవక. కాని చల్లటి ఉక్కుకు అలా ఇచ్చిన వంపు ఎక్కువ కాలం నిలవదని అతడే చెప్పాడు. తక్కువ పట్టీలతో, నడుమ మందంగా, చివరలకు పలచబడుతూ వచ్చే పారాబోలిక్ కట్టలు నన్ను కొంత ఊరించిన మాట నిజం. వాటిలో పట్టీలు ఒకదానికొకటి అంతగా రాసుకోవు కనుక ప్రయాణం మెత్తగా ఉంటుంది. మామూలు కట్టలో ఆ రాపిడే ఊపును కొంత అణుస్తుంది. పారాబోలిక్ వేస్తే ఆ పని కూడా షాక్ అబ్జార్బర్లే చేయాలి. ఇవన్నీ అటుంచి, అవి విరిగితే దోర్నపాల్‌లో దొరకవు. ఆ ఒక్క కారణంతోనే వాటిని పక్కన పెట్టాను.

మిగిలింది కంపెనీ కొలతల కట్ట. లేదా దానికే ఇంకో పట్టీ చేర్చడం.

"ఇంకో పట్టీ వేయించండి బాబూ, ఇక్కడందరూ అలాగే వేయిస్తారు" అన్నాడు మెకానిక్. నిజమే. వారపు సంతలకు తిరిగే జీపుల పైన చింతపండు మూటలు, ఇప్పపువ్వు బస్తాలు, లోపల మనుషులు, వెనక వేలాడుతూ మరికొందరు. వాటికి గట్టి కట్టలే కావాలి. మా బరువు వేరు. ముగ్గురు మనుషులు, నీళ్ళు, డీజిలు క్యాను, ఒక స్టెప్నీ కలిసి మూడు వందల కిలోలు మించవు. సంత బరువుకు కట్టిన కమానుకు అది ఖాళీతో సమానం. ప్రతి రాయీ నేరుగా వెన్నెముకకు చేరుతుంది. పైగా కట్ట గట్టిదనం పట్టీల సంఖ్యను బట్టి నేరుగా పెరిగితే, మందాన్ని బట్టి ఘనంగా పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 7 మిల్లీమీటర్లది వేస్తే దాని గట్టిదనం దాదాపు 60 శాతం ఎక్కువ. దుకాణంలో చూస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

"మరి తిరిగొచ్చేటప్పుడో?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా సమాధానం లేదు. లోపలి ఊళ్ళకు వెళ్ళిన బండి ఖాళీగా తిరిగిరాదు. మహతారీ ఎక్స్‌ప్రెస్ పేరిట 102 వాహనాలున్నాయి, కొన్నిచోట్ల మోటారుసైకిలు అంబులెన్సులూ ఉన్నాయి. వాటి సేవను తక్కువ చేయడం అన్యాయం. అయినా రోగిని మంచం మీద వేసి భుజాల మీద మోసుకొచ్చే దృశ్యం ఇంకా పాతబడలేదు. నొప్పులు పడుతున్న కోడలిని, తోడుగా అత్తను, మోసుకొచ్చిన నలుగురిని ఎక్కించుకున్నప్పుడు కట్ట ఆమె ఒంటికి మెత్తగానూ ఉండాలి, ఆక్సిల్ వచ్చి ఛాసిస్‌ను గుద్దుకోనంత గట్టిగానూ ఉండాలి.

ప్రభుత్వం లెక్కించిన బరువు ఇది కాదు. నక్సల్ ప్రభావిత ప్రాంతాల కోసం 2009లో 34 జిల్లాలకు ఒక రహదారి ప్రణాళిక, 2016 డిసెంబరులో 44 జిల్లాలకు మరొకటి ఆమోదం పొందాయి. రెండోదానిలో భద్రతాపరంగా కీలకమైన దారులకే ప్రాధాన్యం. ఇందులో తప్పేమిటనేవారు 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర మరణించిన 76 మందిని గుర్తుచేస్తారు. తోసిపుచ్చదగిన వాదన కాదది. కాని 2018 మార్చి 13న కిష్టారం దారిలో, మందుపాతరలను తట్టుకోవడానికే తయారైన వాహనం పేలిపోయి 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. 2023 ఏప్రిల్ 26న అరన్‌పూర్ దగ్గర జరిగిన పేలుడులో 10 మంది డీఆర్‌జీ జవాన్లతోపాటు వారి బండి నడుపుతున్న డ్రైవరూ మరణించాడు. ఆ డ్రైవరు సాధారణ పౌరుడు. మందుపాతర పెట్టినవారి లెక్కలోనూ అతని బరువు లేదు. 2021 మేలో సిలగేర్‌లో పోలీసు క్యాంపును వ్యతిరేకిస్తూ కూర్చున్న ఆదివాసులు రోడ్డే వద్దనలేదు. ఆసుపత్రికి, బడికి వెళ్ళే దారికి అంత వెడల్పు ఎందుకన్నారు. మే 17న జరిగిన కాల్పుల్లో అక్కడ ముగ్గురు చనిపోయారు. దుకాణదారు అడిగే ప్రశ్నను వారు మరో మాటలో అడిగారని నాకనిపిస్తుంది.

మెకానిక్‌కూ నాకూ చివరకు హెల్పర్ పట్టీ దగ్గర రాజీ కుదిరింది. కంపెనీ కొలతల కట్టకు అడుగున, దాదాపు వంపు లేని మందపాటి పట్టీ ఒకటి బిగిస్తారు. బండి తేలికగా ఉన్నప్పుడు దాని చివరలు పై పట్టీలకు తగలవు. బరువు పడి కట్ట కుంగినప్పుడే అది భారం అందుకుంటుంది. నాలుగు రబ్బరు బుష్షులు, కొత్త యూ బోల్టులు, వెనక షాక్ అబ్జార్బర్లు కూడా మార్పించాను. ఈ పనిలో పనిగా జీపును మూడంగుళాలు ఎత్తు చేయిద్దామని మిత్రుడు ఉబలాటపడ్డాడు. ఎత్తు పెరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారుతుంది, బ్రేకు గొట్టాలు చాలవు, వాగు గట్టు మీద బండి ఒరిగే ప్రమాదమూ ఎక్కువవుతుంది. ముసలివాళ్ళు ఎక్కవలసిన బండి అది. వద్దన్నాను.

పాత పట్టీలను అమ్మేయలేదు. సంతల్లో కూర్చునే కమ్మరులు ఆ ఉక్కుతో కొడవళ్ళు, గొడ్డళ్ళు చేస్తారు, వాళ్ళకే ఇద్దామనుకున్నాను. అయితే ఈ దారుల్లో జీపులో ఇనుము వేసుకుని పోవడం చిన్న విషయం కాదు. మెకానిక్ తన రసీదు మీద పట్టీల సంఖ్య వేసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. తనిఖీలో జవాను వాటిని రెండుసార్లు లెక్కపెట్టి వదిలాడు.

కొత్త కట్టలు సర్దుకుని కూర్చోవాలి గనుక ఐదు వందల కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులు మళ్ళీ బిగించాలి. ఇప్పటికి మూడు వందల అరవై అయ్యాయి.