ఒక డ్రమ్మర్ నోరు విప్పిన రోజు

1980 నాటి రికార్డింగుకు ముందు చికాగో సింఫనీ ఆర్కెస్ట్రా సాధన చేస్తోంది. వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ సర్ జార్జ్ షోల్టి. రచన బేలా బార్టోక్ ‘కంచెర్టో ఫర్ ఆర్కెస్ట్రా’. అందులోని రెండో భాగాన్ని ఆరంభించేది సైడ్ డ్రమ్ ఒక్కటే. ముద్రిత స్వరలిపిలో ఆ భాగానికి నిర్దేశించిన వేగం నిమిషానికి 74 దరువులు. షోల్టి ఆ ప్రకారమే వాయించమన్నారు. బృందంలో చివరి వరుసలో నిలబడే డ్రమ్మర్ అప్పుడు నోరు విప్పి, తన చేతిలోని కాగితంలో 94 అని ఉందని చెప్పాడు. ఈ సంగతి తర్వాత షోల్టి స్వయంగా లోకానికి తెలియజేశారు.

ఇరవై దరువుల తేడా పెద్ద విషయమా అనిపించవచ్చు. కానీ రాజకీయాలను గమనించే వారికి ఈ సన్నివేశం పరిచితమే. ఒకవైపు అచ్చులో ఉన్న మాట, ముప్పై ఏళ్లకు పైబడిన అలవాటు, జగద్విఖ్యాతుడైన పెద్దమనిషి ఆదేశం. మరోవైపు చివరి వరుసలోని ఒక ఉద్యోగి చేతిలో ఒక కాగితం.

ఈ రచన పుట్టుకలోనే రాజకీయం ఉంది. హంగరీ ఫాసిజం వైపు ఒరిగిపోవడం భరించలేక బార్టోక్ 1940లో దేశం విడిచి అమెరికా చేరారు. వెళ్లే ముందు రాసిన వీలునామాలో ఒక షరతు పెట్టారు. బుడాపెస్ట్‌లో రెండు కూడళ్లకు అప్పటికే హిట్లర్, ముస్సోలినీ పేర్లు పెట్టారు. ఆ పేర్లు ఉన్నంత కాలం తన పేరు ఆ దేశంలో ఏ వీధికీ, ఏ కూడలికీ, ఏ ప్రభుత్వ భవనానికీ పెట్టరాదన్నది ఆ షరతు. ఊళ్ల పేర్లూ రోడ్ల పేర్లూ మార్చడమే పాలనగా చెలామణి అయ్యే కాలంలో ఉన్న భారతీయ పాఠకులకు ఆ షరతులోని ఆత్మగౌరవాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

అమెరికాలో ఆయనకు ఎదురైనవి ఆర్థిక ఇబ్బందులు, అనారోగ్యం. 1943లో న్యూయార్క్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు బోస్టన్ సింఫనీ కండక్టర్ సెర్జ్ కుసెవిట్‌స్కీ వచ్చి, వెయ్యి డాలర్ల పారితోషికంతో ఒక కొత్త రచన చేయమని కోరారు. తెర వెనుక ఆ సాయాన్ని కదిలించిన వారు ఇద్దరు: వయొలిన్ విద్వాంసుడు జోసెఫ్ సిగెటి, కండక్టర్ ఫ్రిట్జ్ రైనర్. ఇద్దరూ బుడాపెస్ట్‌లో పుట్టిన వారే. ఆ ఏడాది ఆగస్టు 15న మొదలుపెట్టి అక్టోబరు 8 నాటికి బార్టోక్ రచన పూర్తిచేశారు. 1944 డిసెంబరు 1న బోస్టన్‌లో తొలి ప్రదర్శన జరిగింది. మరుసటి సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు.

కంచెర్టో అంటే సాధారణంగా ఒక నాయకుడు, అతని వెనుక ఒక పరివారం. పియానోనో వయొలినో ముందు నిలుస్తుంది. మిగతా బృందం దానికి వత్తాసు పలుకుతుంది. బార్టోక్ ఆ నాయకుడి పీఠాన్నే తొలగించారు. ఆయన రచనలో బృందంలోని ప్రతి విభాగమూ తన వంతు వచ్చినప్పుడు నాయకత్వం వహిస్తుంది, వంతు ముగియగానే మళ్లీ సమూహంలో కలిసిపోతుంది. రెండో భాగం ఇందుకు మంచి ఉదాహరణ. సైడ్ డ్రమ్ మోగాక బసూన్లు, ఓబోలు, క్లారినెట్లు, ఫ్లూట్లు, చివరికి గొంతు తగ్గించిన ట్రంపెట్లు జంటలు జంటలుగా ప్రవేశిస్తాయి. ఒక్కో జంటలోని రెండు వాద్యాల మధ్య ఉండే స్వరాంతరం ఒక్కో రకం. ఎవరి నడక వారిదే, అయినా అందరూ నడిచే దారి ఒకటే. గణతంత్రాన్ని ప్రేమించే వారికి ఇంతకన్నా ఇంపైన ఉపమానం దొరకదు. చిక్కు కూడా అక్కడే ఉంది.

ఈ రచనకు వచ్చిన రికార్డింగులలో ప్రమాణంగా అత్యధికులు నేటికీ చెప్పుకునేది 1955 అక్టోబరులో చికాగో ఆర్కెస్ట్రా హాల్‌లో ఆర్‌సీఏ సంస్థ చేసినది. స్టీరియో ఇంకా పసితనంలో ఉన్న రోజులవి. అయినా ఎడమ నుంచి కుడిదాకా ప్రతి వాద్యం తన చోటు నుంచి స్పష్టంగా పలుకుతుంది. అంతిమ భాగంలో తీగవాద్యాలు పరుగులు తీస్తుంటే ఒక్క స్వరం కూడా మసకబారదు. నడిపించినది రైనర్. బార్టోక్ కష్టంలో ఆదుకున్న ఈ మనిషే తన బృందం పాలిట నిరంకుశుడు. చేతికర్రను అంగుళాల మేర మాత్రమే కదిపేవారు. కళ్లు అటూఇటూ తిప్పే సాహసం ఎవరికీ ఉండేది కాదు. ఆయన చూపుకే వాద్యకారులు వణికేవారని, తప్పు చేసిన వారికి ఉద్వాసన తప్పేది కాదని చికాగోలో కథలు కథలుగా చెప్పుకునేవారు.

అందరికీ సమానంగా గొంతునిచ్చిన రచనకు అత్యుత్తమ రూపం ఒక నియంత చేతి కింద వచ్చింది. దీన్ని ఆధారంగా చేసుకుని ‘చూశారా, గట్టి చెయ్యి ఉంటేనే పని జరుగుతుంది’ అనేవారు ఎప్పుడూ ఉంటారు. ఎమర్జెన్సీలో రైళ్లు వేళకు నడిచాయని చెప్పిన గొంతుల వారసులు వారు. వారికి జవాబు చెప్పకుండా ఆ రికార్డును ఆస్వాదించడం నిజాయితీ అనిపించుకోదు.

జవాబు ఆ రికార్డులోనే మొదలవుతుంది. అందులో మెరిసే ట్రంపెట్ విభాగానికి పెద్ద అడాల్ఫ్ హెర్సెత్ 1948లో చేరారు. ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్ 1944 నుంచి ఉన్నారు. రైనర్ చికాగో పగ్గాలు చేపట్టినది 1953లో. ప్రతిభ ఆయనకన్నా ముందే అక్కడ ఉంది. ఆయన దాన్ని పదును పెట్టారు. ఆ పదును ఘనత ఆయనదే, కాదనలేం. కానీ ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించినది స్వరలిపి. కర్ర పట్టిన చేయి దాన్ని అమలు మాత్రమే చేసింది. రాజ్యాంగం ఇచ్చిన హక్కును ప్రభువు దయగా లెక్కవేయకూడదు.

రెండో జవాబు రికార్డు బయట ఉంది. స్వరలిపి వాద్యకారుడికి రాగంలో వంతు ఇచ్చిందే తప్ప ఉద్యోగంలో రక్షణ ఇవ్వలేదు. అది పోరాడి తెచ్చుకోవలసి వచ్చింది. తమ జీతాలు, పని షరతుల మీద తమకే మాట ఉండాలని అమెరికా వాద్యబృందాల సభ్యులు 1962లో సొంత సమాఖ్య ఏర్పరచుకున్నారు. 1967లో చికాగో ప్రధాన ఓబో వాద్యకారుడు రే స్టిల్‌ను అప్పటి కండక్టర్ జాన్ మార్టినోన్ ధిక్కారం పేరిట తొలగించారు. పదేళ్ల కిందటైతే అక్కడితో కథ ముగిసేది. ఈసారి వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్లింది. స్టిల్ తన కుర్చీకి తిరిగి వచ్చారు. 1955లో ఆ పదవిలో ఉన్నది ఆయనే. 1980లోనూ ఆయనే. రెండు రికార్డుల మధ్య పాతికేళ్లలో ఓబో మారలేదు. ఓబో వాయించే మనిషిని పంపించివేసే అధికారానికి మాత్రం హద్దు ఏర్పడింది.

మళ్లీ డ్రమ్మర్ దగ్గరకు వద్దాం. షోల్టి సౌమ్యుడేమీ కాదు. ఆవేశానికి పేరుపడ్డ మనిషి. ఆయన మంచితనం వల్ల ఆ రోజు మేలు జరిగిందనుకుంటే పొరపాటు. మేలు జరిగినది రెండు కారణాల వల్ల. చివరి వరుసలోని మనిషి తన దగ్గరున్న ఆధారాన్ని చూపగలిగాడు. విన్నవారు తన హోదాను కాక మూల పత్రాన్ని ఆశ్రయించారు. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న బార్టోక్ రాతప్రతిని పరిశీలింపజేస్తే 94 అనే ఉంది. భాగం పేరు సైతం అచ్చులో ‘జంటల ఆట’గా మారిందని, రాతప్రతిలో ‘జంటల పరిచయం’ అన్న అర్థమే ఉందని తేలింది. పెద్దలందరూ ప్రామాణికమని నమ్మిన ముద్రణలో తప్పు దొర్లితే, దాన్ని పట్టించినది ఒక చిన్న కాగితం.

బార్టోక్ భౌతికకాయాన్ని 1988లో బుడాపెస్ట్ తీసుకువెళ్లి ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. అప్పటికి కూడళ్ల మీద ఆ రెండు పేర్లు లేవు. రాజ్యాలు తాము వెళ్లగొట్టిన వారికి ఆలస్యంగానైనా పూలమాలలు వేస్తాయి. అంతకన్నా కష్టమైన పని బతికున్న మనిషి చివరి వరుస నుంచి చెప్పే మాట వినడం.

1955 రికార్డునూ 1980 రికార్డునూ ఒకదాని వెంట ఒకటి వినేవారు రెండో భాగం వద్ద కాస్త చెవి ఒగ్గాలి. రైనర్ బృందం గొప్పగా వాయించింది. ఆ కితాబు చెక్కుచెదరదు. షోల్టి రికార్డులో డ్రమ్ చురుకుగా మొదలవుతుంది. ఆ వేగం బార్టోక్ రాసినది. దాన్ని ఆయనకు తిరిగి ఇప్పించినది మాత్రం చివరి వరుసలో నిలబడ్డ ఒక ఉద్యోగి.