కేరీ పట్టణములో ఉత్తరాల పెట్టె

అమెరికా దేశమున నార్త్ కరోలినా రాష్ట్రములోని కేరీ యను పట్టణమున మా అమ్మాయి కాపురమున్నది. క్రిందటి శ్రావణమాసమున నేనచ్చటికి వెళ్లి మూడు మాసములుంటిని. ఎటు చూచినను ఆకాశము నంటు పైను చెట్లు, వాని నడుమ ఇండ్లు. 2009వ సంవత్సరమున తెఱచిన శ్రీ వేంకటేశ్వరస్వామివారి ఆలయమా యూర నున్నది. శనివారములందచ్చట మన భాష వినబడుచునే యుండును.

ఆ వీధులలో ఇండ్లకు ప్రహరీ గోడలు లేవు, గేట్లు లేవు. కాని ప్రతి యింటి ముందును, బాట యంచున, ఒక గుంజపై ఉత్తరాల పెట్టె నిలిచియుండును. మన యూళ్లలో పోస్టుమాను గుమ్మము చెంతకు వచ్చి కేక వేయును. అచ్చట నతడు బండి దిగడు. ఆ దేశపు బండ్లను ఎడమవైపున కూర్చుండి నడుపుదురు గాని, తపాలా బండ్లు పెక్కింటికి చక్రము కుడివైపున నుండును. అతడు కూర్చున్న చోటినుండియే చేయి చాచి ఉత్తరములు పెట్టెలో నుంచి సాగిపోవును.

మా అమ్మాయి యింటి పెట్టె తలుపు బందు సడలి వ్రేలాడుచుండెను. "వచ్చే వారము బాగుచేయింతములే" అని అందరమును అనుకొనుచునే యుంటిమి. ఇంతలో మా అక్కయ్య ఉత్తరము వచ్చినది. మా అమ్మ పాడెడి మంగళహారతి పాటలు ఎనుబదియేండ్ల మా అక్కయ్యకు దప్ప వేరెవ్వరికిని రావు. మనుమరాలు నేర్చుకొనునని ఆమె వానిని నాలుగు కాగితముల నిండ వ్రాసి పంపినది. ఆ మధ్యాహ్నము ఉఱుములతో పెద్దవాన కురిసెను. సాయంత్రము నేను తీసిచూచునప్పటికి సిరా కరగి కాగితములన్నియు నీలిముద్దయై యుండెను.

ఫోనులో చెప్పి యేడ్చితిని. "నోట పాడిన నడిమి చరణములు తప్పిపోవుచున్నవే చెల్లీ, కలము పట్టిననే జ్ఞప్తికి వచ్చును. చేయి వణకుచున్నది, అయినను మఱల వ్రాసెదను. ఈసారి తడవనీయకు" మని అక్కయ్య యనెను.

మఱునాడే అల్లుడుగారు క్రొత్త పెట్టె కొఱకు విచారింప మొదలిడిరి. నేనును పెక్కు సంగతులు తెలిసికొంటిని. ఆ దేశమున పల్లెలకు ఇంటింటి టపా 1896లో ప్రారంభమయ్యెను. తొలుత రైతులు చేతికందిన పాత డబ్బాలనే గుంజలకు తగిలించెడివారు. 1915లో రాయ్ జోరోల్మాన్ అను తపాలా ఉద్యోగి గుండ్రని వీపుగల రేకు పెట్టెను రూపొందించెను. వాననీరు దానిపై నిలువక జారిపోవును. నేటికిని ఎక్కువగా కనబడునది ఆ రూపమే.

దొంగల భయముచే మేము తాళము పెట్టెను ఎంచుకొంటిమి. తపాలావారు తాళపు చెవులు పుచ్చుకొనరు గనుక, దినమున వచ్చు టపా యంతయు దూరునంత వెడల్పుగా సందు ఉండవలెను. ఆ సందుపై చూరువలె రేకు వంగియున్న వాన లోనికి రాదు.

నాటుటకును నియమములున్నవి. పెట్టె అడుగుభాగము బాటనుండి 41 మొదలు 45 అంగుళముల యెత్తునను, ముఖము బాట యంచునకు 6 మొదలు 8 అంగుళముల వెనుకను ఉండవలెను. గుంజను 24 అంగుళములకు మించి పాతరాదు. కాంక్రీటు స్తంభము పనికిరాదు. బండి యేదైన తగిలినచో గుంజ ఒరిగిపోవలెనే గాని మనిషి ప్రాణము తీయరాదు గదా! గుంట త్రవ్వుటకు కొన్ని దినములు ముందుగా 811 సంఖ్యకు ఫోను చేయగా, భూమిలోని గ్యాసు గొట్టముల జాడలు గుర్తించి పోయిరి. ఇంటి సంఖ్యను స్పష్టముగా వ్రాసితిమి.

సోదరీమణులారా! పెట్టె యెంత మంచిదైనను ఇల్లాలి శ్రద్ధ లేనిది ప్రయోజనము లేదు. ఏ దినపు టపా ఆ దినమే తీసికొనవలెను. ఊరికి పోవునప్పుడు ముందుగా తెలిపినచో 30 దినముల వఱకు అచ్చటి తపాలావారు ఉత్తరములను తమవద్దనే నిలిపియుంతురు. మన యిండ్లలో గేటు చువ్వల సందున చెక్కిన కాగితము గాలికి పోవుటయు, తడియుటయు మనమెఱుగనిది కాదు. గేటున కొక చిన్న పెట్టె తగిలించుట పెద్ద వ్యయమును కాదు.

నేను తిరుగు ప్రయాణమగుటకు నాలుగు దినములు ముందు అక్కయ్య రెండవ ఉత్తరము వచ్చినది. ఆనాడును వానయే. నేను గొడుగు వేసికొని పోయి తాళము తీసితిని. కవరు పొడిగా నున్నది. అక్షరములు వంకరలు పోయినవి గాని చరణమొక్కటియు తప్పలేదు. ఆ రాత్రి దీపము ముందు మనుమరాలు కాగితము చూచుకొనుచు మా అమ్మ పాటను పాడినది.