ఎండతో నడిచే పడవ, ఏసీ దగ్గర ఆగిన కథ

వైకోం రేవులో పడవ కదిలిన సంగతి కొత్తవాళ్లకు వెంటనే తెలియదు. ఇంజన్ దడదడలాడదు. కాళ్ల కింద చెక్క వణకదు. నల్లటి పొగ ముఖాన కొట్టదు. గట్టు మీది కొబ్బరిచెట్లు మెల్లగా వెనక్కి జరగడం చూసి, బయల్దేరామన్నమాట అనుకోవాలి. పక్కన కూర్చున్న స్థానికులకు ఇదంతా పాత సంగతి. ఒకరు పేపర్ మడతపెట్టి చదువుకుంటుంటారు, ఒకావిడ కూరగాయల సంచీ కాళ్ల మధ్య పెట్టుకుని కునికిపాట్లు పడుతుంటుంది. డీజిల్ పడవలో పక్కవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. ఇక్కడ గుసగుసలు కూడా మూడు బెంచీల అవతలికి వినిపిస్తాయి. చాడీలు చెప్పుకోవడానికి మాత్రం ఈ పడవ పనికిరాదు.

కేరళలో కొట్టాయం, అలప్పుళ జిల్లాల నడుమ వెంబనాడ్ సరస్సు అడ్డంగా పరుచుకుని ఉంటుంది. దేశంలో ఇంత పొడవైన సరస్సు మరొకటి లేదు. తూర్పు ఒడ్డున వైకోం, పడమటి ఒడ్డున తవనక్కడవు. మధ్యలో నీళ్లు సుమారు రెండున్నర కిలోమీటర్లు. రోడ్డు మీద వెళ్లాలంటే దక్షిణాన తన్నీర్‌ముక్కం కట్ట దాకా పోయి చుట్టు తిరిగి రావాలి. అందుకే ఆఫీసులకు, కాలేజీలకు, ఆస్పత్రులకు వెళ్లేవాళ్లకు పడవే బస్సు. ఈ రేవుల మధ్యే 2017 జనవరి 12న 'ఆదిత్య' నీళ్ల మీదికి వచ్చింది. ప్రజల రాకపోకల కోసం దేశంలో నడిచిన తొలి సౌర విద్యుత్ పడవ అది. నడిపింది రాష్ట్ర జలరవాణా శాఖ. కట్టింది కొచ్చిలోని నవాల్ట్ సంస్థ. దాన్ని స్థాపించిన సందీత్ తండాశ్శేరి మద్రాస్ ఐఐటీలో నౌకా నిర్మాణం చదువుకున్నారు.

వైకోం పేరు తెలుగువాళ్లకు రెండు రకాలుగా పరిచయం. అయ్యప్ప మాల వేసుకుని శబరిమల వెళ్లేవాళ్లలో కొందరు దారిలో ఇక్కడి మహాదేవుణ్ణి దర్శించుకుంటారు. వైకోం, కడుత్తురుత్తి, ఏట్టుమానూరు శివాలయాలు మూడింటినీ ఒకే రోజు మధ్యాహ్నంలోగా చూస్తే పుణ్యమని నమ్మకం. ఇక రెండోది చరిత్ర పాఠం. ఈ గుడి చుట్టూ ఉన్న వీధుల్లో అవర్ణులు నడవరాదన్న ఆంక్షను ఎదిరిస్తూ 1924 మార్చి 30న మొదలైన సత్యాగ్రహం 1925 నవంబర్ దాకా సాగింది. పెరియార్ వచ్చి జైలుకెళ్లారు. 1925 మార్చిలో గాంధీజీ వచ్చారు, అదీ పడవలోనే. ఆయన దిగిన పాత రేవును జ్ఞాపకంగా కాపాడుకున్నారు. ఎవరు ఏ దారిన నడవవచ్చన్న గొడవ తేలడానికి ఇరవై నెలలు పట్టిన ఊళ్లో, పడవ దేనితో నడవాలన్న ప్రశ్న కాస్త చిన్నదే కావచ్చు. కానీ దానికీ అనుమానాలు తక్కువేం కాలేదు.

పెద్ద అనుమానం ఒకటే. ఎండకు దీపాలు వెలుగుతాయి సరే, 75 మందిని ఎక్కించుకున్న పడవ కదులుతుందా? జవాబు పై కప్పు మీది పలకల్లో కాదు, నీళ్లలో మునిగి ఉన్న భాగంలో ఉంది. ఆదిత్యకు ఒక పొట్ట కాదు, రెండు సన్నటి పొట్టలు. పక్కపక్కన కట్టిన రెండు దోనెల మీద బల్ల పరిచినట్టుంటుంది. 20 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. ఒళ్లంతా ఫైబర్, అందుకే తేలిక. సన్నటి పొట్ట నీటిని తక్కువగా తోస్తుంది కాబట్టి తక్కువ శక్తి చాలు. పైన 78 సౌర పలకలు కలిపి 20 కిలోవాట్లు, కింద 20 కిలోవాట్ల మోటార్లు రెండు, 50 యూనిట్ల కరెంటు పట్టే లిథియం బ్యాటరీలు. నడక మామూలుగా గంటకు 10 కిలోమీటర్లు. అవతలి ఒడ్డు చేరడానికి పావుగంట.

ఈ వేగమే అసలు కిటుకు. నీటి మీద వేగం రెట్టింపు కావాలంటే శక్తి రెట్టింపు చాలదు, దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. అదే వేగం సగానికి తగ్గిస్తే ఎనిమిదో వంతుతో పని జరిగిపోతుంది. డీజిల్ పోసేవాడికి ఈ లెక్కతో పనిలేదు, లివర్ ముందుకు తోస్తాడు. ఎండను నమ్ముకున్నవాడు ముందు తొందర తగ్గించుకోవాలి. డీజిల్ పడవ ఈ మార్గంలో రోజుకు సుమారు వంద లీటర్లు తాగేది. ఆదిత్యకు ఎండ బాగా కాసిన రోజున కావలసిన కరెంటులో అధిక భాగం కప్పు మీదే పుడుతుంది. మిగతాది రాత్రి రేవులో ప్లగ్గు పెట్టి నింపుకుంటుంది. జూన్, జూలై ముసురులో ఈ రెండో వాటా పెరుగుతుంది, అంతే. సౌర పడవ అంటే మబ్బు పడితే నడిమధ్యన ఆగిపోయేది అనుకోనక్కర్లేదు.

గోదావరి లాంచీల మీద సరంగు ఉన్నట్టే ఇక్కడి పడవలకు స్రాంక్ ఉంటాడు. మాట ఒకటే, సముద్రాల మీద తిరిగి రెండు ఒడ్లకూ చేరింది. పాత డీజిల్ పడవల్లో స్రాంక్ పైన చుక్కాని పట్టుకుని తాడు లాగి గంట కొడితే, ఆ గంటల లెక్కను బట్టి కింద ఇంజన్ దగ్గరున్న డ్రైవర్ వేగం పెంచేవాడు, తగ్గించేవాడు, వెనక్కి తిప్పేవాడు. రోజంతా వేడిలో, చప్పుడులో, నూనె వాసనలో ఆ కొలువు. విద్యుత్ పడవలో స్రాంక్ చేతి దగ్గరే అంతా ఉంటుంది. గంట అక్కర్లేదు. కింద చెవులు దిబ్బెళ్లు పడేలా కూర్చునే మనిషీ అక్కర్లేదు. అది ఆ మనిషికి మేలో, ఆ ఉద్యోగానికి కీడో అన్నది ఎవరు చెబుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

పడవ మార్పు అంటే ఇక్కడి జనానికి ఖర్చు ఒక్కటే గుర్తు రాదు. 2002 జూలై 27న ముహమ్మ నుంచి కుమరకం వస్తున్న పడవ ఇదే సరస్సులో మునిగి 29 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఉద్యోగ పరీక్ష రాయడానికి బయల్దేరినవాళ్లు. 2019 సెప్టెంబర్‌లో గోదావరిపై కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం గుర్తున్న తెలుగువాళ్లకు ఆ దిగులు వివరించనక్కర్లేదు. రెండు పొట్టల పడవ పక్కకు ఒరగడం కష్టం. రేవు రాగానే జనమంతా ఒకే వైపు తోసుకొచ్చినా తట్టుకుంటుంది. ఆదిత్యకు వచ్చిన మంచిపేరులో సగం కరెంటుదైతే మిగతా సగం ఈ వెడల్పుది. 2020లో విద్యుత్ పడవలకిచ్చే గస్సీస్ అంతర్జాతీయ పురస్కారం ప్రయాణికుల పడవల విభాగంలో దీనికే దక్కింది. 1881లో పారిస్‌లో సెన్ నది మీద విద్యుత్ పడవ నడిపిన గుస్తావ్ త్రూవే పేరున పెట్టిన పురస్కారమది. అంటే విద్యుత్ పడవ కొత్త వింత కాదు. డీజిల్ చౌకగా దొరికినన్నాళ్లూ జనం మరచిపోయిన పాత వస్తువు.

కొత్తగా కట్టిన పడవ సంగతి ఇది. ఉన్న పడవనే మార్చుకోవాలనుకునే వాళ్ల కథ వేరు. అందుకోసం సరస్సు వెంట దక్షిణాన అలప్పుళకు వెళ్లాలి.

అక్కడ కాలువల నిండా హౌస్‌బోట్లే. వీటి అసలు పేరు కెట్టువళ్లం, అంటే కట్టిన పడవ. అంజిలి చెక్కల్ని మేకు లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి కడతారు. ఒకప్పుడు కుట్టనాడు ధాన్యాన్ని గెడలు వేసి కొచ్చికి చేర్చింది ఇవే. రోడ్లు, లారీలు వచ్చాక మూలనపడ్డాయి. 1990ల మొదట్లో ఎవరికో ఆలోచన తట్టి, ధాన్యం పోసే చోట పడకగది, పైన వెదురు కప్పు, వెనుక వంటగది పెట్టి పర్యాటకులకు అద్దెకిచ్చారు. గెడ పోయి డీజిల్ ఇంజన్ వచ్చింది. అంటే ఈ పడవలు ఇప్పటికే ఒకసారి వేషం మార్చాయి. మరోసారి మార్చడంలో తప్పేముంది? తప్పేం లేదు. అడ్డమల్లా ఏసీ.

హనీమూన్‌కు, పిల్లల సెలవులకు అలెప్పీ వెళ్లొచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకల్లా పడవ గట్టుకు కట్టేస్తారు. అది జాలర్లు వలలు వేసే వేళ. కాసేపటికి ప్రశాంతంగా ఉంటుందనుకున్న సరస్సు మీద జనరేటర్లు ఒకదాని వెనుక ఒకటి మొదలవుతాయి. మూడు పడకగదుల్లో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఏసీలు నడిస్తే ముప్పై యూనిట్ల దాకా కావాలి. ఆదిత్య బ్యాటరీలు మొత్తం పట్టేదే యాభై. ఆ ముప్పై యూనిట్లు కప్పు మీద పుట్టాలంటే ఏడెనిమిది కిలోవాట్ల పలకలు, సుమారు నలభై చదరపు మీటర్ల చోటు కావాలి. పగలు పడవ తిరగడానికి మరికొంత. ఆ కప్పేమో తాటాకుతో, వెదురుతో గుండ్రంగా వంచినది. పలకలు పరిస్తే ఫొటోల్లో పడవ పడవలా ఉండదు. వచ్చేవాళ్లు ఆ ఫొటో చూసే కదా వస్తారు!

అందుకే పెద్ద హౌస్‌బోటు విషయంలో పలకల కంటే ముందు గట్టు మీద కరెంటు స్తంభం కావాలనిపిస్తుంది. రాత్రి కట్టేసే చోట ప్లగ్గు ఉంటే జనరేటర్ నోరు మూయించవచ్చు. వెంబనాడ్ నీళ్ల మీద తేలే నూనె జిడ్డు, కరిమీన్‌కు కిరోసిన్ వాసన పడుతోందన్న జాలర్ల పాత ఫిర్యాదు కొంతైనా తగ్గుతాయి. పడవ యజమాని ఒక్కడూ చేయగలిగిన పని కాదిది.

చిన్న పడవ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఇరుకు కాలువల్లో పదిమందిని ఎక్కించుకుని రెండు మూడు గంటలు తిప్పే షికారా సంగతే చూద్దాం. దానిలో పడకలుండవు, ఏసీ ఉండదు. ఎనిమిది మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు కప్పుంటే మూడు కిలోవాట్ల పలకలు పడతాయి. కేరళ ఎండలో కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు వేసుకున్నా పన్నెండు యూనిట్లు. నింపాదిగా నడిచే పడవకు రెండు కిలోవాట్లు చాలు. అంటే ఆరు గంటల నడక. ఇరుకు కాలువల్లో వేగంగా వెళ్తే అలలు గట్లను కోసేస్తాయి కాబట్టి ఎలాగూ మెల్లగానే పోవాలి. పక్షుల్ని చూడ్డానికి వచ్చినవాళ్లకైతే చప్పుడు లేకపోవడమే అసలు సరుకు. డీజిల్ పడవ ఎదురుగా వస్తే కొంగ ఎగిరిపోయాక దాని తెల్లటి వీపు మాత్రమే కనిపిస్తుంది.

పని మాత్రం అనుకున్నంత సులువు కాదు. ఇంజన్ తీసేసిన చోట బరువు తగ్గి పడవ వెనుక భాగం పైకి లేస్తుంది. బ్యాటరీలను ఎక్కడ పెట్టాలన్నది తూకం చూసి తేల్చాలి, అదీ వీలైనంత కిందికి. కప్పు మీద పలకల బరువు పెరిగితే పడవ ఊగుతుంది, గాలి కూడా వాటినే పట్టుకుంటుంది. పాత పంకా వేగంగా తిరిగే ఇంజన్ కోసం చేసింది. విద్యుత్ మోటార్‌కు మెల్లగా తిరిగే పెద్ద పంకా అయితేనే నప్పుతుంది. దాన్ని మార్చకుండా మోటార్ ఒక్కటే బిగిస్తే కరెంటు వృథా. చౌకని సీసం బ్యాటరీలు కొంటే వాటిలో సగమే వాడుకోవాలి, బరువేమో కొన్ని రెట్లు. ఎండాకాలంలో సముద్రపు నీరు లోపలికి ఎక్కి సరస్సు ఉప్పగా మారుతుంది, వైర్ల చివర్లు చిలుమెక్కుతాయి. వానాకాలంలో మంచినీళ్లతో పాటు గుర్రపుడెక్క వస్తుంది. అది పంకాకు చుట్టుకుంటే డీజిల్ ఇంజన్ మూలుగుతూ నడుస్తుంది. విద్యుత్ మోటార్ కరెంటు ఎక్కువ లాగి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు నడుం దాకా నీళ్లలో దిగి డెక్క తెంపాల్సిందే. వీటికి తోడు 2021 ఇన్‌ల్యాండ్ వెస్సల్స్ చట్టం కింద పడవను ఇంతగా మార్చితే మళ్లీ తనిఖీలూ తప్పవు. ఇది న్యాయమే. కప్పు మీద బరువెక్కించిన పడవను ఎవరూ చూడకుండా జనాన్ని ఎక్కించడం కుమరకం చూసిన సరస్సు మీద చేయాల్సిన పని కాదు.

సౌర పడవల్లో సాహసాలకు కొదవలేదు. 'సన్21' అనే స్విస్ పడవ అట్లాంటిక్ దాటి 2007 మేలో న్యూయార్క్ చేరింది. 'ప్లానెట్ సోలార్' 2010 సెప్టెంబర్‌లో మొనాకోలో బయల్దేరి 2012 మేలో భూగోళం చుట్టి అక్కడికే వచ్చింది. వాటి పక్కన రెండున్నర కిలోమీటర్ల వైకోం దాటు ఏ మూలకు? అయితే ఆ పడవల్లో ఎక్కినవాళ్లు ఎప్పటికీ గుర్తుంచుకునే ప్రయాణం చేశారు. ఇక్కడివాళ్లు ఇంటికెళ్లేసరికే మరచిపోయే ప్రయాణం చేస్తారు, అదీ రోజుకు రెండుసార్లు.

వృశ్చిక మాసంలో వైకోం అష్టమి వచ్చినప్పుడు ఈ రేవులో కాలు పెట్టడానికి చోటుండదు. నల్లబట్టల అయ్యప్పలు, గుడికి వెళ్లే ఆడవాళ్లు, భుజాన నిద్రపోయే పిల్లలు. చీకటి పడ్డాక సరస్సు దక్షిణాన హౌస్‌బోట్ల జనరేటర్లు హోరెత్తుతుంటాయి. వైకోంలో ఆఖరి ట్రిప్పు ముగించిన సౌర పడవను లస్కరు తాడుతో కట్టేస్తాడు. తర్వాత గట్టు మీది పెట్టె తెరిచి, లావాటి వైరు లాక్కొచ్చి, ప్లగ్గు పెట్టి, లైటు వెలిగిందో లేదో ఓసారి చూసుకుని ఇంటికి బయల్దేరతాడు.