యార్డు నుంచి వచ్చిన మా కారు

మా అమ్మమ్మ వాళ్ళది పామర్రు పక్క పల్లె. "అమీనా వస్తున్నాడు" అని తెలిస్తే చాలు, ఆడవాళ్ళు ఇత్తడి బిందెలు గోడ మీంచి పక్కింటికి అందించేవారట. కోర్టు జప్తు మరి! నా దగ్గరకొచ్చేసరికి అమీనా పోయి ఫైనాన్సు వాళ్ళ సీజర్లు వచ్చారు.

2021లో కరోనా రెండో విడతకి మావారి షాపు మూతబడింది. కారు వాయిదాలు మూడు తప్పాయి. శ్రావణంలో కంకిపాడు పెళ్ళికి వెళ్ళొస్తుంటే ముగ్గురు కుర్రాళ్ళు అడ్డం వచ్చి తాళం లాక్కున్నారు. పట్టుచీరతో, చేతిలో తాంబూలం సంచీతో రోడ్డు మీద నిలబడ్డాను. ఆటో వాడు కూడా జాలిగా చూశాడు.

నా గాజులు తాకట్టు పెట్టి, నెల తిరక్కుండా బాకీ కట్టేశాం. కారు కోసం యార్డుకెళితే పిచ్చిమొక్కల మధ్య ఉంది. బంపరు విరిగింది, స్టీరియో లేదు, కొత్త బ్యాటరీ పోయి ఎవరిదో పాతది వచ్చింది. "ముందే అలా ఉందమ్మా" అన్నాడు అక్కడి మనిషి. పైగా పార్కింగు డబ్బులట! మావారు "పోనిద్దూ" అని సంతకానికి పెన్ను తీశారు. ఆ కాగితంలో 'కారు మంచి స్థితిలో అందింది' అని ఉంది. పెన్ను లాక్కుని, ఏమేం పోయాయో వరసగా రాసి, దాని కింద ఆయన చేత సంతకం పెట్టించాను. బీఏ తెలుగు ఏం పనికొస్తుందని మా ఆడపడుచు అడుగుతుంటుంది లెండి.

ఆషాఢంలో అమ్మవారికి సారె ఇవ్వడానికి కొండకి వెళ్ళినప్పుడు కారు పక్కన తీసుకున్న ఫొటో నా ఫోన్లో ఉంది. తేదీతో సహా, బంపరుతో సహా! బ్యాటరీ బిల్లు బియ్యం డబ్బా వెనక దొరికింది. ఆటోనగర్ మెకానిక్ 38,400 అవుతుందని రాసిచ్చాడు. ఇవన్నీ జతచేసి కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టు పంపితే ఉలుకూ పలుకూ లేదు. విజయవాడలోనే వినియోగదారుల కమిషన్‌లో వేశాం. 2019 చట్టం ప్రకారం మనం ఉన్న ఊళ్ళోనే వేసుకోవచ్చు. రెండేళ్ళలోపు వేయాలి. మేం కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకపోయినా మన మాట మనమే చెప్పుకోవచ్చు.

"తీసుకెళ్ళింది ఏజెంట్లు, మాకు సంబంధం లేదు" అన్నారు కంపెనీ వాళ్ళు. ఏజెంటు చేసినదానికి అప్పిచ్చినవాళ్ళదే బాధ్యతని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. అప్పు కట్టకపోయినా బండిని బలవంతంగా కాక చట్టప్రకారమే తీసుకోవాలని 2011లో సుప్రీంకోర్టు కూడా అంది. వాళ్ళ వకీలు మమ్మల్ని 'ఎగవేతదారులు' అన్నప్పుడు చెవులు మండిపోయాయి. "పట్టుకెళ్ళిన రోజు కారులో ఏమేం ఉన్నాయో జాబితా రాశారా?" అని కమిషన్ సభ్యురాలు అడిగారు. రాయలేదు. అక్కడే కేసు తిరిగింది.

పద్నాలుగు నెలలకి తీర్పు వచ్చింది. రిపేరు ఖర్చు, ఖర్చుల కింద మరో 5,000. రోడ్డు మీద పడిన అవమానానికి మాత్రం ఏమీ రాయలేదు, అడిగాను కూడా.

ఆ చెక్కు గాజుల వడ్డీకీ కొంత అసలుకీ సరిపోయింది. రెండు గాజులు వచ్చాయి. మిగతా రెండూ ఇంకా అక్కడే ఉన్నాయి.