తెల్లనేల

ఎడారి అనగానే మనకి తట్టేవి ఇసుక, ఒంటె, ఖర్జూరపు చెట్టు. చిన్న పిల్లవాణ్ణి బొమ్మ వెయ్యమన్నా ఆ మూడే వేస్తాడు. పామర్రులో పుట్టి పెరిగినవాడు ఎడారి చూడాలంటే రాజస్థానానికి టిక్కెట్టు కొనక్కర్లేదని నేనంటే మా యింట్లో నవ్వుతారు, చుట్టూ యిన్ని కాలవలు పెట్టుకుని ఎడారేమిటండీ అని. నవ్వితే నవ్వనివ్వండి. మా సెంటర్లో బందరు బస్సెక్కి, బందరులో దిగి, సముద్రం దిక్కుగా యింకో గంట పోయి చూడండి. గుక్కెడు తాగడానికి పనికిరాని నీళ్ళ మధ్య, గడ్డిపరక మొలవని నేలమీద నిలబడతారు. అన్ని ఎడారులూ నీళ్ళు లేక ఎండినవైతే, మనది నీళ్ళుండీ ఎండినది.

శివరాత్రి వెళ్ళిన పదిరోజులకి మా అక్కయ్య ఫోను చేసింది. అక్కయ్యది బందరు అవతల, సముద్రానికి దగ్గిరగా ఒక పల్లె. ఊరి పేరు ఎందుకు లెండి, అలాంటి ఊళ్ళు అక్కడ చాలా వున్నాయి. బావగారు పోయి ఆరేళ్ళయింది. పిల్లలు హైదరాబాదులో. "చేను రొయ్యల చెరువుకి లీజుకిమ్మంటున్నారురా తమ్ముడూ. కాగితాలు పట్టుకుని ఆదివారం వస్తారుట. నువ్వుకూడా వుంటే బాగుంటుంది" అన్నది. అక్కయ్య నన్ను సలహా అడగడం నా యెరుకలో అదే మొదలు. అంచేత శనివారం ఉదయమే బయల్దేరాను.

పామర్రునుంచి బందరు ముప్ఫై కిలోమీటర్లు. ఆ ముప్ఫై కిలోమీటర్లలోనే భూమి వేషం మార్చేస్తుంది. పామర్రు దాటగానే మినప చేలు. వరికోతల ముందు చల్లిన మినుము అప్పటికి పండి, కొందరు పీకి కుప్పలు వేస్తున్నారు. నిడుమోలు దాకా యిదే వరస. గూడూరు దాటాక కళ్ళు కాస్త పెద్దవి చేసుకుని చూడాలి. కొబ్బరిచెట్లు పలచనవుతాయి, తాళ్ళు మిగులుతాయి. బందరు దాటాక తాళ్ళూ దూరమై సర్కారు తుమ్మ వస్తుంది. ఆ తుమ్మకూడా మానేసిన చోట, నేలబారుగా ఎర్రెర్రగా ఇలకూర పాకి వుంటుంది. దాన్ని వండేటప్పుడు కూరలో ఉప్పు వెయ్యరు. వెయ్యక్కర్లేదు.

ఇంత తేడా ఎందుకంటారా? కృష్ణ తెచ్చిన తియ్యనీళ్ళు ఎంత దూరం వెళ్ళగలిగితే పచ్చదనం అంత దూరం వెళుతుంది. బెజవాడ దగ్గిర ఆనకట్ట 1855లో పూర్తయ్యేదాకా యిక్కడివాళ్ళు వానకోసం ఆకాశం చూడవలసిందే. ఆ ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. నీళ్ళు ముందు తలకట్టు భూములకి, ఆ తరువాత మధ్యవాళ్ళకి, మిగిలితే శివారు భూములకి. పై రాష్ట్రాల్లోనూ మన రాష్ట్రంలోనూ నది మీద జలాశయాలు పెరిగినకొద్దీ ఆ "మిగిలితే" అన్న మాట బరువెక్కుతూ వచ్చింది. కాలవలో తియ్యనీరు వెనక్కి తగ్గితే ఆ ఖాళీని సముద్రం వూరికే వుంచదు, భూమి లోపలినుంచి నడిచి వస్తుంది. మధ్య ఆసియాలో ఆరల్ సముద్రానికి జరిగిందీ యిదే. పత్తిచేల కోసం 1960 తరువాత దాని నదుల్ని మళ్ళించేశారు. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు, యిప్పుడు చాలాభాగం ఉప్పు ధూళి లేచే ఎడారి.

బందరులో లడ్డూలు కొన్నాను. అక్కయ్యకి మధుమేహం, ఐనా లడ్డూ లేకుండా వెళితే మాట్లాడదు. డచ్చివాళ్ళు 1605లోనూ, ఇంగ్లీషువాళ్ళు 1611లోనూ వచ్చి కొఠీలు పెట్టిన రేవు అది. ఇప్పుడు ఊరి అవతల కొత్త ఓడరేవు కడుతున్నారు, 2023 మే నెలలో శంకుస్థాపన చేశారు. దాని లారీల వెనక దుమ్ము తింటూ నా ఆటో వెళ్ళింది.

దారిలో ఉప్పు కొఠారు దగ్గిర ఆటో ఆగింది. ఆటో అబ్బాయి వాళ్ళ అత్తగారికి రాతిఉప్పు ఒక బస్తా తీసుకెళ్ళాలిట. సరే నేనూ దిగాను. అదీ మంచిదే అయింది.

చూపు ఆనినంతవరకూ చదరంగపు బల్లలా మడులు. కొన్నిట్లో గోధుమరంగు నీళ్ళు, కొన్నిట్లో గులాబిరంగు, కొన్నిట్లో పాలమీగడ కట్టినట్టు తెలుపు. ఎండ కింద కంటే నేలమీదనుంచే ఎక్కువ కొడుతోంది. ఒక ముసలాయనా, ఆయన భార్యా పొడుగాటి కర్రపలకతో ఉప్పు లాగుతున్నారు. ఆవిడ కాళ్ళకి పాత సైకిలు ట్యూబు చుట్టుకుంది. ఆయన్ని కదిపితే అదొక శాస్త్రమని తెలిసింది. జనవరిలో మడిని తడిపి, కాళ్ళతో తొక్కి తొక్కి నేల సిమెంటులా గట్టిపడేట్టు చెయ్యాలి, లేకపోతే ఉప్పులో మట్టి కలుస్తుంది. ఉప్పునీటిని ఒక మడినుంచి యింకో మడికి మారుస్తూ చిక్కబరచాలి. సముద్రపునీరు బోమే కొలతలో మూడు డిగ్రీల చిల్లర. అది ఇరవైఅయిదుకి వచ్చినప్పుడు ఉప్పు దిగుతుంది. ముప్ఫై దగ్గిరికి వచ్చేలోపున మిగిలిన నీటిని తోడి పారెయ్యాలి, లేకపోతే మెగ్నీషియం లవణాలు దిగి ఉప్పు చేదెక్కుతుంది.

"కొలతకి గొట్టం వుందా తాతా?" అన్నాను.

"వుందయ్యా, మేస్త్రి దగ్గర. నాకెందుకు? వేలు పెట్టి నాలిక్కి రాసుకుంటే తెలుస్తాది" అన్నాడు.

పంట ఎండాకాలానిది. తొలకరి వాన ఒక్కటి ముందుగా పడిందా, నెలల కష్టం ఒక గంటలో కరిగి మళ్ళీ నీళ్ళే. అందుకని కుప్పల మీద తాటాకు కప్పి వుంచారు. ఊళ్ళో అందరూ వాన రావాలని మొక్కుకుంటుంటే రాకూడదని మొక్కుకునేవాళ్ళు వీళ్ళు. ఈ నేలమీద ఉప్పుకోసం దొరతనాలు తగవులాడాయి. చెన్నపట్నం రాజధానిలో కంపెనీవాళ్ళు 1805లో ఉప్పు అమ్మకం మొత్తం తమ గుప్పిట్లోకి తీసుకున్నారు. 1930లో గాంధీగారు దండిలో పిడికెడు ఉప్పు తీస్తే యిక్కడి తీరాలన్నీ కదిలాయి. ఆ తగవులన్నీ తీరాయిగాని, తొక్కే కాళ్ళు మాత్రం మారలేదు.

ఒకటి మాత్రం నాకు బాగా నచ్చింది. కొఠారు తన హద్దు తెలిసినది. అది వేసింది చేలల్లో కాదు, అసలే పంట పండని పర్రలో. తెల్లనేలకి తెల్లనేలగానే ఒక ఉద్యోగం ఇచ్చారన్నమాట.

అక్కయ్య చేను సంగతి వేరు. అది ఎకరం డెబ్బై సెంట్లు. మా నాన్నగారు పసుపుకుంకుమల కింద కొనిచ్చినది. కొన్నది 1979లో, చవగ్గా. ఎందుకు చవకంటే, 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దాని మీదుగా వెళ్ళింది. దివిసీమలోనూ బందరు తీరంలోనూ పదివేలమంది దాకా పోయారని సర్కారు లెక్క. అంతకుముందు 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడ్డ ఉప్పెనకి ముప్ఫై వేలమంది పోయారు. ఉప్పెన అనే మాటలోనే ఉప్పు వినబడుతుంది చూడండి. నీళ్ళు తీశాక చేలన్నీ బూడిద రాసుకున్నట్టు తెల్లగా వుండేవిట. పిల్లకి చౌడు కొనిచ్చాడని చుట్టాలు నాన్నగార్ని ఎత్తిపొడిచారు.

ఆ చౌడుని మా బావగారూ, అక్కయ్యా కడిగారు. అవును, చేనుని కడిగారు! గట్లు ఎత్తుచేసి, కాలవనీరు నిండా పెట్టి, నాలుగు రోజులుంచి, మురుగ్గుంటలోకి వదిలెయ్యడం. మళ్ళీ పెట్టడం, మళ్ళీ వదలడం. ఆ తరువాత జీలుగు చల్లి, పూతకి రాగానే దున్నెయ్యడం. మూడేళ్ళు యిదే పని. నాలుగో ఏట వరి కంకి పట్టింది. ఆ తరువాత ఎకరానికి ఇరవైఎనిమిది బస్తాలు పండిన రోజులున్నాయి.

నిరుడు పన్నెండు.

సాయంత్రం అక్కయ్య నన్ను చేలోకి తీసుకెళ్ళింది. ఎడంపక్క గట్టు అవతల రొయ్యల చెరువు. ఉప్పుటేటినుంచి మోటార్లతో నీరు తోడి నింపారు. తెల్లటి చక్రాలు గిరగిర తిరుగుతూ నీటిని కొడుతున్నాయి, రొయ్యలకి గాలి అందాలిగా. ఈ రొయ్య మనది కాదు, అమెరికా పసిఫిక్ తీరానిది, వెనామీ. మనదేశంలో దీనికి 2009లో అనుమతి యిచ్చారు. అంతకుముందు టైగరు రొయ్య. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చి ఎందరి ఇళ్ళు గుల్లచేసిందో యీ ప్రాంతంలో అడగక్కర్లేదు. తీరంలో చెరువుల మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో పెద్ద తీర్పే చెప్పింది, 2005లో చట్టం చేసి ఒక అథారిటీని పెట్టారు. ఐనా గట్టు కిందనుంచి వూరే నీటికి చట్టం చదవడం రాదు.

చెరువు పక్కనున్న పది సాళ్ళలో నేల పొట్టుపొట్టుగా తెల్లబడి వుంది. అక్కయ్య వంగి చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది, ఆ కొఠారు ముసలాయన మల్లేనే.

"ఉప్పెన ఉప్పు పైనించి వచ్చిందిరా, కడిగితే పోయింది. ఇది రోజూ కిందనించి వస్తోంది. ఎన్నిసార్లని కడుగుతాను? కడగడానికి కాలవలో నీళ్ళేవీ?" అన్నది.

చెరువు యజమాని దుర్మార్గుడని మీరనుకోకండి. వరిలో అప్పులపాలై చెరువు తవ్వాడు. ఒకసారి పంట రోగంతో పోయింది, రెండుసార్లు కలిసివచ్చింది. కొడుకుని ఇంజనీరింగు చదివిస్తున్నాడు. రొయ్య డబ్బుతో ఆ ఊళ్ళో డాబాలు లేచాయి, వలస వెళ్ళిన కుర్రాళ్ళు కొందరు తిరిగివచ్చారు. నేను కళ్ళతో చూసినది కాదనలేను. కాని తాగేనీళ్ళు మాత్రం ఆ డాబాలన్నిటికీ ట్యాంకులోనూ, డబ్బాల్లోనూ రావలసిందే.

ఆదివారం పదిగంటలకి ఏజెంటు వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయట విడిచాడు. "మూడేళ్ళ లీజు, అమ్మగారూ. మొదటి ఏడాది డబ్బు ముందే ఇస్తారు. మీరు చేలో కాలు పెట్టక్కర్లేదు" అన్నాడు. చెప్పిన అంకె వరిమీద వచ్చేదానికి మూడింతలు. అక్కయ్య మోకాళ్ళూ, మందుల చీటీ నా కళ్ళముందు మెదిలాయి. సంతకం పెట్టెయ్యమని నోటిదాకా వచ్చింది.

"మూడేళ్ళయాక నా చేను నాకెల్లా యిస్తావు నాయనా?" అని అడిగింది అక్కయ్య.

"పూడ్చి, చదును చేసి ఇస్తామండి. కాగితంలో రాస్తాం."

"పూడుస్తావు సరే. ఉప్పో?"

అతను నావంక చూసి నవ్వాడు. "ఉప్పు సంగతి కాగితంలో ఎవరు రాస్తారండీ!"

అక్కయ్య కాసేపు వూరుకుంది. కుడిపక్క చేను ఒక కౌలు రైతుది. సొంత సెంటు లేదు, ముగ్గురు పిల్లలు. "ఎడంపక్కవాడు తవ్వి నన్ను తడిపాడు. నేను తవ్వితే కుడిపక్కవాణ్ణి తడుపుతాను. వాడికి లీజుకి ఇచ్చుకోడానికి చేనుకూడా లేదు. ఈ ఏడాదికి వద్దు బాబూ" అని కాగితాలు మడిచి అతని చేతిలో పెట్టింది. అతనేమీ కోపగించుకోలేదు. వచ్చే ఏడాది మళ్ళీ కనబడతానని చెప్పి, కాఫీ తాగి వెళ్ళాడు. కనబడతాడు కూడాను. అప్పుడేమంటుందో నేను చెప్పలేను.

నన్ను సలహాకని పిలిచింది గాని, నేను నోరు విప్పే అవసరమే రాలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గిర మాత్రం, "మీ పామర్రులో జీలుగు విత్తనాలు దొరుకుతాయా? ఇరవై కిలోలు పంపించు, వైశాఖంలోగా" అన్నది.

సాయంత్రం చెరువాయన్ని ఇంటికి కబురంపింది. గట్టు వెంబడి లోతుగా ఒక బోదె తవ్విస్తే వూరే ఉప్పునీరు అందులో పడి మురుగుకాలవలోకి పోతుందని ఇద్దరికీ తెలిసినదే, ఖర్చుకీ జాగాకీ ఎవరూ ముందుకు రాలేదు. ఖర్చు అతనే పెట్టుకుంటానన్నాడు. "జాగా మాత్రం చెరోగజం వదులుకుందాం, పిన్నిగారూ" అన్నాడు.

"రెండుగజాలూ నీవే వదలాలి. ఉప్పు నీ చెరువుది" అన్నది అక్కయ్య.

అతను నా సాయం కోసం చూశాడు. నేను బందరు లడ్డూ చిదుపుతూ కూచున్నాను. చివరికి ఒకటిన్నర గజం దగ్గిర ఒప్పుకుని, తానూ ఒక లడ్డూ తీసుకున్నాడు.