పేటలో ఎక్కడ తిందాము?



గుంటూరు నుండి ఒంగోలు వైపు బస్సులో వెళ్ళినవారికి చిలకలూరిపేట తెలియకుండా ఉండదు. గుంటూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, మదరాసు – కలకత్తా రోడ్డు మీద ఉన్న ఈ ఊరిని చుట్టుపక్కల పల్లెలవారు ఉత్త 'పేట' అంటారు. 2022 వరకు గుంటూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు పల్నాడు జిల్లాలో చేరింది. పేటకు రైలు లేదు. రైలు కావాలంటే నరసరావుపేటకో, గుంటూరుకో పోవాలి. కాబట్టి ఆసుపత్రికి వచ్చేవారు, పత్తి అమ్మ వచ్చేవారు, పెండ్లి బట్టలకు వచ్చేవారు అందరూ బస్సు దిగి, ముందుగా ఆకలి సంగతే చూసుకొంటారు.

రోడ్డు మీద ఊరు గనుక రోడ్డు పక్కన హోటళ్ళకు లోటు లేదు. నేను చెప్పదలచినది వాటి సంగతి కాదు. పండరీపురం, సుబ్బయ్యతోట వంటి ఇళ్ళ మధ్య వీధులలో, బోర్డు కూడా లేని చోట, మన వంటివారము ఎలా కడుపు నింపుకోవచ్చునో చెబుతాను. దానితోపాటు అటువంటి ఒక వీధిలో నాకు కలిగిన బుద్ధి కూడ చెబుతాను.

కొన్నేళ్ళ క్రిందట మా అమ్మకు కంటి ఆపరేషన్ నిమిత్తము పేటలో పదిహేను దినములు ఉండవలసి వచ్చింది. అమ్మ, చెల్లెలు, నేను ఇళ్ళ మధ్య ఒక గది అద్దెకు తీసుకొన్నాము. మొదటి రెండు రోజులు రోడ్డు మీది ఒక హోటలు నుండి పార్శిల్ తెచ్చాను. ఎండలో నడక ఒక ఎత్తు, ఖర్చు ఒక ఎత్తు. పైగా అమ్మ, "నాయనా, ఆ మసాలా నాకు పడటంలేదు. ఇంత మెతుకు, ఇంత చారు దొరకదా?" అన్నది. ఇంటిగల మామ్మగారు ఆ మాట విని, "రోడ్డు దాకా దేనికి అయ్యగారూ! వీధి మలుపులో వేపచెట్టు కింద ఇడ్లీలమ్మ ఉందిగా" అన్నారు.

మరునాడు తెల్లవారకముందే వెళ్ళాను. అప్పటికే పొయ్యి మీద ఇడ్లీపాత్ర పొగలు కక్కుతున్నది. మినప్పప్పు ఒక పాలు, ఇడ్లీరవ్వ రెండు పాళ్ళు, రాత్రంతా పులిసిన పిండి. పల్లీ చట్నీ, అల్లం పచ్చడి, కారప్పొడి, దాని మీద అడిగినవారికి చెంచాడు నెయ్యి. మిరప పండే ఈ నేల మీద కారము తగలనిదే ఇడ్లీ గొంతు దిగదు. ఈ మిరపకాయ మన దేశములో పుట్టినది కాదని, సుమారు 500 సంవత్సరాల క్రిందట పోర్చుగీసువారితో వచ్చినదని చెబితే మన పెద్దలు నమ్మరు! అంతకు ముందు మన కూరలకు మిరియాలే కారము.

వేపచెట్టు చుట్టూ ఎవరెవరు నిలబడ్డారో చూశాను. మిరప కోతలకు ఆటో ఎక్కబోయే ముఠా కూలీలు, మిల్లులో రాత్రి షిఫ్టు దిగినవారు, బడి పిల్లలు, మేడల నుండి గిన్నె పట్టుకొని వచ్చినవారు. అందరి ప్లేట్లూ ఒకే తొట్టిలో పడుతున్నాయి. నా చిన్నతనంలో మా ఊరి టీ కొట్టులో మా పాలెం వారి గ్లాసులు వేరుగా ఉండేవి. త్రాగి, మేమే కడిగి, చూరులో పెట్టి రావాలి. అది మరువని నాకు ఆ ఒక్క తొట్టిని చూస్తే మనసు నిండింది.

నేను పాస్టరునని తెలియగానే ఆమె డబ్బు తీసుకొనలేదు. ఆమె మన సంఘస్థురాలు కాదు. అయినా, "దేవుడి మనిషి దగ్గర డబ్బులు ఎట్లా తీసుకొంటానండీ?" అన్నది. వేరు గ్లాసులో త్రాగినవాడికి ఆ గౌరవము ఎంత తియ్యగా ఉంటుందో మీరే ఆలోచించండి. నేను గట్టిగా బలవంతము చేయలేదు. రోజుకు మూడు ప్లేట్లు, నాలుగు రోజులు తిన్నాము.

అయిదవనాడు సబ్బు కొనడానికి కిరాణా కొట్టుకు వెళ్ళాను. బస్తాల అవతల ఆమె గొంతు వినబడింది. మినప్పప్పు అరువు అడుగుతున్నది. పాత బాకీ తీరనిదే ఇవ్వనని కొట్టతను అంటున్నాడు. ఆమె వెంట ఉన్న పిల్లవాడు లెక్కల పుస్తకము తెరిచి, "అమ్మా, అయ్యగారి పన్నెండు ప్లేట్లు కూడా రాయాలా?" అని అడిగాడు. ఆమె "ఊరుకోరా" అన్నది. నేను సబ్బు కొనకుండానే బయటికి వచ్చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హోటలుకు పన్నెండు ప్లేట్లు లెక్కలోకి రావు. వీధి మలుపులో పొయ్యి పెట్టుకొన్నవారికి అవి రేపటి పప్పు, రేపటి గ్యాసు. ఆమె నాకు గౌరవము ఇస్తుంటే, నేను ఆమె మూలధనము తింటున్నాను.

తెల్లవారి డబ్బు లెక్కగట్టి ఆమె ముందు పెట్టాను. ఆమె మొహము చిన్నబోయింది. "అక్కా, మీ ఇంటికి పిలిచి పెడితే తింటాను, రూపాయి ఇవ్వను. మా ఊరు వచ్చి మా ఇంట్లో భోంచేస్తే నేనూ తీసుకోను. ఈ చెట్టు కింద మాత్రం మీరు వ్యాపారస్తులు, నేను గిరాకీని" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత డబ్బు తీసి డబ్బాలో వేసి, "సరే అయ్యగారూ. అయితే చట్నీ మాత్రం కొలవను" అన్నది. చుట్టూ ఉన్నవారు నవ్వారు.

ఆమే మాకు మధ్యాహ్నపు దారి కూడ చూపింది. రెండు ఇళ్ళ అవతల ఒక పెద్దావిడ ఇంట్లోనే వండి క్యారేజీలు కట్టి ఇస్తారు. అద్దె గదుల ఉపాధ్యాయులు, దుకాణాల్లో పనిచేసే కుర్రవాళ్ళు అక్కడే తింటారు. పప్పు, ఒక కూర, గోంగూరో పండుమిరప పచ్చడో, చారు, మజ్జిగ. అమ్మ కోరిన మెతుకు అక్కడ దొరికింది. తలల లెక్కన బియ్యము పోస్తారు గనుక పొద్దున్నే చెప్పాలి. చెప్పి మానుకొంటే ఆ అన్నము వారికి నష్టము.

సాయంకాలము మిరపకాయ బజ్జీల బండ్లు వస్తాయి. వామువాసనకు కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి. కాని బాండీలోకి ఒకసారి చూడండి. నూనె నల్లబడి, జిగురుగా, పొగ వస్తుంటే ఇంటికి మరలిపోండి. పదే పదే కాచిన నూనె విషయములో ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుండి హద్దు పెట్టింది. చెడిన నూనె పదార్థాలు 25 శాతము దాటితే ఆ నూనె వాడరాదు. మనకు అది కొలిచే యంత్రము లేదు. కన్ను, ముక్కు ఉన్నాయి. రోగి వెంట వచ్చినవారు తమ నీళ్ళు తాము కాచి తెచ్చుకోవడము మంచిది. క్రొత్త చోట ఆవిరి మీద ఉడికి వేడివేడిగా దిగిన ఇడ్లీని మించిన క్షేమమైన తిండి లేదు. చేతిలో పైకము అయిపోయిన దినమున సిగ్గుపడవద్దు. 2019లో మూతపడి 2024 ఆగస్టులో మరల తెరిచిన అన్న క్యాంటీన్లు ఉన్న పట్టణములలో పూటకు 5 రూపాయలకే భోజనము పెడుతున్నారు.

ఇంకొక మాట. వీధిలో అమ్ముకొనేవారి రక్షణకు 2014లో చట్టము వచ్చింది. 2020లో వారికి పూచీ లేకుండా బ్యాంకు ఋణమిచ్చే స్వనిధి పథకము మొదలయింది. మొదటి విడత అప్పుడు 10,000 రూపాయలు. 2025లో దానిని 15,000కు పెంచారు. మన సంఘములలో చదువుకొన్న యౌవనస్థులు ఇటువంటి అక్కలకు ఒక దరఖాస్తు నింపిపెడితే, కొట్టతని ముందు తల వంచుకొనే పని తప్పుతుంది.

మేము ఊరికి బయలుదేరిన ఉదయము ఆమె చిన్న సీసాలో కారప్పొడి పోసి మా అమ్మ చేతిలో పెట్టింది. నేను జేబులో చెయ్యి పెట్టలేదు. అది అమ్మినది కాదు, ఇచ్చినది. ఆ తేడా అప్పటికి మా ఇద్దరికీ తెలుసు.

నా తోటి పాస్టరు సహోదరులకు, ఊరూరా తిరిగే పెద్దలకు నా మనవి ఇదే. పేటకు వెళ్ళినప్పుడు రోడ్డు దాటి లోపలి వీధులలోకి నడవండి. ఎక్కడ కూలీలు, పిల్లలు, ఆ వీధివారు కలిసి తింటున్నారో అక్కడ నిలబడండి. కృతజ్ఞతతో తినండి. తిన్న తరువాత ప్లేట్ల లెక్క మాత్రము మరువకండి.