బ్రేకు చెప్పిన మాట

గడచిన మామిడికాయల కాలమున నేను మా తమ్ముని పికప్పు బండిలో వడమాలపేటనుండి తిరుపతికిఁ బోవుచుంటిని. దారిలో బడిపిల్లలు అడ్డముగా వచ్చిరి. తమ్ముఁడు బ్రేకు త్రొక్కఁగా బండి నిలిచినది కాని, స్టీరింగు అతని చేతులలో గడగడ వణఁకెను. “చక్రముల బ్యాలెన్సు చెడినదన్నా, కాయలు దింపిన పిమ్మట చూతము” అనెను. నేనును సరే యంటిని. ఆ మాట నన్నిప్పటికిని బాధించుచున్నది.

తిరుపతిలో మెకానిక్కు మొదట ఒక్క ప్రశ్నయే యడిగెను: “ఎల్లప్పుడు వణఁకునా, బ్రేకు త్రొక్కినప్పుడేనా?” వేగముగాఁ బోవునప్పుడెల్ల వణఁకినచో దోషము చక్రములయం దుండవచ్చును. త్రొక్కినప్పుడే వణఁకినచో బ్రేకునే చూడవలెను. స్టీరింగు వణఁకిన ముందరి డిస్కులను, కూర్చున్న సీటు వణఁకిన వెనుక డ్రమ్ములను అనుమానింపవలెను.

అతఁడు చక్రమును విప్పి, మైక్రోమీటరుతో డిస్కు మందమును పలుచోట్ల కొలిచెను. అది యంతటను సమముగా లేదు. డయల్ గేజి పెట్టి త్రిప్పఁగా ముల్లు అటునిటు ఊఁగెను. హబ్బుపై త్రుప్పు పేరుకొనుటచే డిస్కు సరిగాఁ గూర్చుండలేదు. వంకరగాఁ దిరుగుచు, ప్యాడ్లకు ఒరసికొని యొకచోటనే యరిగినది. చక్రపు నట్లను హెచ్చుతగ్గులుగా బిగించుటయు నిట్టి కీడునే తెచ్చును. డిస్కుపైఁ జెక్కిన కనీసపు మందముకంటె నది పలుచనగుటచే, హబ్బును శుభ్రపఱచి, రెండు ప్రక్కల డిస్కులను మార్చిరి.

విద్యార్థులారా! యంత్రమునకు వణఁకే మాట. కారణము నూహించుటకు ముందు “ఎప్పుడు?” అని యడుగుఁడు, విన్న పిమ్మట రేపటికి వాయిదా వేయకుఁడు. ఆనాఁడు బండి ముందు నిలిచినవారు మీవంటి పిల్లలే.